మా అన్న పెదవులు కదిలినప్పుడు

మొదటే ఒప్పుకుంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. ప్రయత్నించాను. వాక్యం మొదట్లో బాగానే ఉంటాను, చివరికి వచ్చేసరికి ఒకటి పది అయిపోతుంది. మా ఇంట్లో దీనికొక పద్ధతి పెట్టుకున్నారు: నేను తెచ్చిన వార్తను పదితో భాగించడం. ఆళ్లగడ్డ బస్టాండులో వందమంది కొట్టుకుంటున్నారని నేను రొప్పుతూ వచ్చి చెబితే, మా నాయన పేపర్లోంచి తల ఎత్తకుండా "పదిమంది" అనేవాడు. మా అమ్మ లెక్క ఇంకా కఠినం. "ఇద్దరుంటారులే. వాళ్లు గూడా అరుచుకుంటాంటారు, కొట్టుకోరు" అనేది పొయ్యి దగ్గర్నించే. పోయి చూస్తే నిజంగానే ఇద్దరుండేవాళ్లు, అరుచుకుంటూ.

కాబట్టి చదివేవాళ్లు కూడా ఆ పద్ధతే పాటించండి, నాకేం కోపం లేదు. అయితే పెంచడం వేరు, పుట్టించడం వేరు. ఉన్న ఎద్దును ఏనుగంత చేయడం పెంచడం. లేని ఎద్దును కొట్టంలో కట్టేయడం పుట్టించడం. ఈ రాతలో పెంచినవి లెక్కలేనన్ని ఉన్నాయి. పుట్టించింది ఒక్కటే. అదేదో ఆఖరున చెబుతాను.

మా అన్న నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఆళ్లగడ్డలో మెయిన్ రోడ్డు మీద మోటార్లు చుట్టే అంగడి పెట్టుకుని ఉండేవాడు. డెబ్భైల చివర్లో, అంటే శ్రీశైలం డ్యాం పనులు ఇంకా సాగుతున్న రోజుల్లో, మా వైపు బావులకు కరెంటు మోటార్లు వచ్చాయి. కరెంటు వచ్చినంత వేగంగా మోటార్లు కాలిపోవడమూ వచ్చింది. అన్న అంగడి ముందు కాలిపోయిన మోటార్లు ఆసుపత్రి ముందు రోగుల్లాగా వరుసగా కూర్చుని ఉండేవి. ఆ వరుస అహోబిలం దాకా పోయేదని నేను నంద్యాలలో స్నేహితులకు చెప్పేవాణ్ణి. అసలు నాలుగో ఐదో ఉండేవి.

పని తెలియనివాళ్ల కోసం చెబుతాను. కాలిన మోటారును విప్పి, లోపల మాడిన రాగి తీగ ఊడదీసి, ఒక్కో చుట్టలో తీగ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. మళ్లీ కొత్త తీగతో అన్నే చుట్లు చెక్క అచ్చు మీద చుట్టాలి. ఒకటి తగ్గినా ఒకటి పెరిగినా మోటారు వేడెక్కి రైతు బావి దగ్గర మళ్లీ కాలుతుంది. నంద్యాలలో చుట్లు తనే లెక్కపెట్టి చూపే మిషన్లు అప్పటికే వచ్చాయి. మా అన్న దగ్గర ఆ మిషను లేదు. ఆయన నోరే మిషను. కుడిచేత్తో పిడి తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య తీగను బిగబట్టి, పెదవులతో లెక్కపెట్టుకుంటూ పోయేవాడు. శబ్దం బయటికి రాదు. పెదవులు మాత్రం ఆడుతూ ఉండేవి.

అంగడికి వచ్చిన రైతులందరికీ ఒక మర్యాద తెలుసు: అన్న పెదవులు కదులుతున్నంతసేపూ పలకరించకూడదు. బయట సైకిలు ఆపి, బీడీ వెలిగించుకుని, లెక్క ముగిసి ఆయన "ఏమప్పా" అనేదాకా ఉండేవాళ్లు. ఒకసారి ఒక పెద్దమనిషి తుమ్ము వస్తే ముక్కు మూసుకుని వీధి చివరికి పరుగెత్తి, అక్కడ తుమ్మి వచ్చాడు. ఇందులో పెంచింది వీధి పొడవు మాత్రమే.

అలా ఉండగా ఒక ఎండాకాలం అన్నకు నిద్ర దూరమైంది. పది రోజులు నిద్రపోలేదు. దీన్ని భాగించొద్దు, నిజంగానే పది. తరువాత మోటార్లలోంచి తన పేరు వినిపిస్తున్నదన్నాడు. బాగున్న మోటార్లు కూడా విప్పి తీగ పీకేశాడు, ఎవరు పిలుస్తున్నారో చూద్దామని. అన్నం ముందు కూర్చుని ఏడ్చేవాడు. ఎందుకని అడిగితే, మీకు వినపడటం లేదా అని మమ్మల్ని జాలిగా చూసేవాడు.

ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చినంత మంది వైద్యులు ఏ రాజుగారి ఇంటికీ వచ్చి ఉండరు. పక్కింటామె గాలి సోకిందన్నది. ఎదురింటాయన ఎవరో చేయించారన్నాడు. పెళ్లి చేస్తే సరిపోతుందని కొందరు, పెళ్లి సంబంధాల దిగులుతోనే వచ్చిందని కొందరు. తాయెత్తులు కట్టారు, విభూతి పెట్టారు, మా నాయన పనిచేసే బళ్లోని ఇంకొక టీచరు వాళ్ల పాస్టరుగారిని తీసుకొచ్చి ప్రార్థన చేయించాడు. అన్న తల చుట్టూ తిప్పి పారేసిన నిమ్మకాయలతో ఆళ్లగడ్డ మొత్తానికి ఏడాది ఊరగాయ పెట్టొచ్చు. వీళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. అందరూ మా మేలు కోరే వచ్చారు, టీ తాగి పోయారు, పోతూపోతూ వీధిలో నలుగురికి చెప్పారు.

రెండు రోజులు మా నాయన అన్నను లోపలి గదిలో పెట్టి బయట గొళ్లెం వేశాడు. ఆ గొళ్లెం గురించి నేనేమీ పెంచలేను.

నేనప్పుడు నంద్యాలలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. కబురందుకుని వచ్చి, అన్నను బస్సెక్కించుకుని నంద్యాలలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అన్నతో అరగంట మాట్లాడాడు. నాతో రెండు నిమిషాలు మాట్లాడాడు. "ఇది జబ్బయ్యా. టైఫాయిడ్ ఎట్లనో ఇదీ అట్లనే. మందులుండాయి" అని చీటీ రాసి దూరంగా ఉన్న పెద్దాసుపత్రికి పంపాడు. అన్న అక్కడ మూడు నెలలున్నాడు.

ఇక్కడ మా అమ్మ రంగంలోకి దిగింది.

"రేయ్, నీకు అబద్ధాలు బాగా వస్తాయి గదా. ఈ ఒక్కసారి ఇంటికి పనికొచ్చేటట్లు చెప్పు" అన్నది.

"ఏం చెప్పల్లమ్మా?"

"అన్న శ్రీశైలం డ్యాం పనికి పోయినాడని చెప్పు. మోటార్లు చుట్టేవాడు గదా, నమ్ముతారు."

జీవితంలో మొదటిసారి నా వృత్తికి ఇంట్లో గుర్తింపు దొరికింది. నేను విజృంభించాను. ఆదివారం ఆదివారం ఆళ్లగడ్డకు వచ్చి, మా అంగడి ఎదురుగా ఉన్న టీ హోటల్లో కూర్చుని డ్యాం కట్టేవాణ్ణి. అక్కడ అన్న చుట్టే మోటారు సినిమా హాలంత ఉంటుందన్నాను. దాని లోపలికి దిగాలంటే నిచ్చెన వేసుకోవాలన్నాను. ఆ తీగ ఊడదీసి సాగదీస్తే ఆళ్లగడ్డ నుంచి కర్నూలు పోయి మళ్లీ వస్తుందన్నాను. రష్యా ఇంజనీరొకడు అన్న చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడన్నాను. టీ హోటలాయన గరిటె ఆపి వినేవాడు. "ఔనా? ఇంకా?" అనేవాడు. అంత మంచి శ్రోత నాకు మళ్లీ దొరకలేదు.

మూడు నెలల తరువాత అన్న బస్సు దిగాడు. కాస్త లావయ్యాడు. మాత్రల వల్ల నోరు ఎండిపోయేది, మాటిమాటికి నీళ్లు తాగేవాడు. వేళ్లు కొంచెం వణికేవి. మిగతా అంతా మా అన్నే. నిద్రపోతున్నాడు, తింటున్నాడు, మోటార్లలోంచి ఎవరూ పిలవడం లేదు. పొద్దున ఒకటి, సాయంత్రం రెండు మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలు నెలనెలా నంద్యాల నుంచి నేను తెచ్చేవాణ్ణి. అమ్మ వాటిని చీటీలు పీకేసి, పాత బిస్కెట్ల డబ్బాలో వేసి, అడిగినవాళ్లకు గ్యాసు మాత్రలని చెప్పేది. వచ్చినవాళ్లలో ఒకాయన నాకూ గ్యాసే, రెండియ్యమ్మా అని చెయ్యి చాపాడు. ఇవ్వలేక, ఎందుకివ్వనో చెప్పలేక ఆమె పడిన యాతన ఇంతా అంతా కాదు.

వచ్చిన రెండో రోజు అన్న నన్ను వెంటబెట్టుకుని టీ హోటలుకు పోయాడు. డ్యాం సంగతి ఆయనకు మేమెవరమూ చెప్పలేదు. అమ్మ నేను చెప్పాననుకుంది, నేను అమ్మ చెప్పిందనుకున్నాను.

"ఏమప్పా, డ్యాం ఎట్లుంది?" అన్నాడు హోటలాయన.

"ఏ డ్యాం?" అన్నాడు అన్న.

హోటల్లో ఈగలు కూడా ఎగరడం మానేశాయి. పక్క బల్ల మీది మనిషి టీ సాసర్లో పోసుకున్నది అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు. అన్న నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. అన్న ఇంకేం మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడాన్ని ఊరు వారం రోజులు మాట్లాడుకుంది.

ఆ తరువాత నుంచి ఆ హోటల్లో అందరికీ గాజు గ్లాసులో టీ వచ్చేది, అన్నకు మాత్రం అల్యూమినియం లోటాలో. అన్న ఒకరోజు అడిగాడు.

"నాకేం అన్నా, గ్లాసు లేదా?"

"అబ్బే, దీంట్లో వేడి నిలుస్తాదిలేప్పా" అన్నాడాయన. చెడ్డమనిషి కాదు. గాజు పగిలితే ఏమవుతుందోనని ఆయన భయం. మేము ఆయన్ను నిలదీయలేకపోయాం. ఎందుకంటే, అడిగితే ఆసుపత్రి మాట మేమే ఎత్తాలి, డ్యాం కట్టివచ్చిన మనిషికి గాజు గ్లాసు ఎందుకివ్వవని అడగడం ఎట్లా?

అన్న అంగడి తెరిచాడు. దుమ్ము దులిపాడు, పిడికి నూనె వేశాడు, కూర్చున్నాడు. మోటార్లు రాలేదు. జనం మాత్రం వచ్చారు. నలుగురైదుగురు ఎప్పుడూ రోడ్డుకు అవతల నిలబడి ఉండేవాళ్లు, ఊరికే, జేబుల్లో చేతులు పెట్టుకుని. నా లెక్కలో వాళ్లు తిరునాళ్లంత మంది.

చివరికి ఒక మోటారు వచ్చింది. కొత్తపల్లె నుంచి వచ్చిన ఒక చిన్నరైతు, ఊళ్లో సంగతులేవీ తెలియనివాడు, తన మోటారు దించి కూర్చున్నాడు. ఆరోజు ఆదివారం. నేను మాత్రలు తెచ్చి అంగట్లోనే ఉన్నాను. అన్న పాత తీగ లెక్కపెట్టి, చుట్టకు అరవై రెండు అని సుద్దముక్కతో గోడ మీద రాసుకుని, కొత్త తీగ అచ్చుకు తగిలించాడు. పిడి తిప్పడం మొదలుపెట్టాడు. పెదవులు కదిలాయి.

రోడ్డుకు అవతల ఒక కదలిక వచ్చింది. "సూడండ్రా, ఒంటరిగా మాట్లాడుకుంటాండాడు" అన్నాడొకడు. నిరుడు ఇవే పెదవులు కదులుతుంటే తుమ్మడానికి వీధి చివరికి పోయిన ఊరు ఇది.

ఇంతలో టీ హోటలాయన తుండుతో చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి అంగట్లోకి వచ్చాడు. అన్న ముందు నిలబడి, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు, "ఏమప్పా, ఏడెనిమిదులు ఎంత?" అని అడిగాడు. అన్నకు మతి కుదురుగా ఉందో లేదో చూద్దామని ఆయన పరీక్ష.

అన్న పిడి ఆపకుండా ఎడమచెయ్యి కాస్త ఎత్తాడు, ఆగు అని. బయటివాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు, కొట్టడానికి చెయ్యెత్తాడని. "ఎంతప్పా?" అని మళ్లీ అడిగాడు హోటలాయన. "యాభై ఆరు" అన్నాడు అన్న. అన్నాక పిడి ఆపేశాడు. నలభై ఒకటో నలభై రెండో, లెక్క పోయింది. చుట్టిందంతా విప్పి మళ్లీ మొదలుపెట్టాడు.

ఇక చూడండి. చుట్టిన తీగను మనిషి తనే విప్పుతున్నాడంటే అంతకంటే రుజువేం కావాలి? ఒకడు ఈ వారం ఏ వారం అని అడిగాడు. అన్న చెప్పాడు, లెక్క పోయింది, విప్పాడు. ఒకడు ముఖ్యమంత్రి ఎవరన్నాడు. చెప్పాడు, విప్పాడు. వాళ్లు పరీక్ష పెట్టినకొద్దీ ఆయన విప్పాడు, ఆయన విప్పినకొద్దీ వాళ్లు పరీక్ష పెట్టారు. అన్నిటికీ సరైన జవాబులే చెప్పాడు. నాకు తెలిసి ఆళ్లగడ్డలో ఆ రోజు అన్ని ప్రశ్నలకు సరిగ్గా జవాబు చెప్పిన మనిషి ఆయనొక్కడే. అడిగినవాళ్లలో సగంమందికి ఆ జవాబులు సరైనవో కావో తెలియదు.

మధ్యాహ్నానికి ఒక్క చుట్ట కూడా పూర్తి కాలేదు. కొత్తపల్లె రైతు లేచాడు. "ఏమనుకోవద్దన్నా. నేను నంద్యాలకు పోతా" అని సగం విప్పిన మోటారును గోనెసంచిలో వేసుకుని పోయాడు. "చుట్టిందాన్నే విప్పుతాండాడు" అన్న మాట సాయంత్రం బస్సు కంటే ముందు నంద్యాల చేరింది.

ఆ వారం మా నాయన అన్నను కూర్చోబెట్టి చెప్పాడు.

"అంగడి మూసెయ్ నాయనా. ఇంట్లో ఉండు. అన్నం పెట్టేదానికి నేనుండా గదా."

"ఇంట్లో కూచుంటే నాకు మల్లా వస్తాది నాయనా" అన్నాడు అన్న. "పని లేకుంటే చెవులు ఊరికే ఉండవు."

"ఈ నెలాకరు దాకా సూస్తా. అంతే. మోటారు రాకుంటే అంగడి ఖాళీ చేస్తాము."

మోటార్లు రాలేదు. నెలాఖరుకు రెండు ఆదివారాలు మిగిలాయి. మొదటి ఆదివారం నేను ఇంటికి రాగానే అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"రేయ్, హోటలుకు పోయి నిజం చెప్పు. మూడు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు, ఇప్పుడు మాత్రలు మింగుతాండాడు, బాగుండాడు అని చెప్పు. ఏమీ కలపొద్దు."

"నువ్వే చెప్పొచ్చు గదన్నా?"

"నేను చెప్తే తిక్కోడు చెప్పినట్టు. నువ్వు కట్టిన డ్యాం, నువ్వే పగలగొట్టు."

పోయాను. గొంతు సవరించుకున్నాను. నా జీవితంలో అంత చిన్న వాక్యాలు నేనెప్పుడూ మాట్లాడలేదు. మూడు నెలలు. ఆసుపత్రి. మాత్రలు. ఇప్పుడు బాగున్నాడు. చెప్పి, ఆకాశం కూలుతుందని కళ్లు మూసుకున్నాను.

"అది మాకు మొదటి వారమే తెలుసు గదప్పా" అన్నాడు హోటలాయన, టీ తిరగబోస్తూ.

"తెలుసా? మరి నేను డ్యాం గురించి చెప్తాంటే..."

"బాగా చెప్తాండావని ఇంటిమి. ఆ రష్యావాడు ఏడ్సింది రెండుసార్లు చెప్పించుకుంటి గదా."

బల్ల దగ్గరున్న ఒక ముసలాయన అందుకున్నాడు. "వీడు మూడు నెలలంటాండాడు. పదితో భాగిస్తే తొమ్మిది దినాలు."

"కాదు మామా" అన్నాడు ఇంకొకడు. "ఇంటి సంగతి ఐతే తగ్గించి చెప్తాడు. పదితో గుణించల్ల. ముప్పై నెలలు."

"నిరుడు ఈడనే ఉండె గదరా, ముప్పై నెలలు ఎట్లొస్తాది?"

వాళ్లు లెక్కల్లో పడ్డారు. హోటలాయన మాత్రం నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు: "అప్పుడే జబ్బు అని చెప్పింటే, జబ్బే గదా అనుకుంటుంటిమి. ఇంటిల్లిపాదీ ఇంత దాచిపెడ్తాండారంటే, లోపల ఏందో పెద్దదే ఉండాదనుకుంటిమి." ఇంటికి వచ్చి అన్నకు, చెప్పాను, కానీ ఏమీ మారలేదన్నాను. ఆయన తల ఊపి, నీళ్లు తాగి, అంగడికి పోయి ఖాళీగా కూర్చున్నాడు.

మిగిలింది ఆఖరి ఆదివారం. ఆరోజు పొద్దున చాగలమర్రి బస్సు టాపు మీద ఒక మోటారు వచ్చింది, దాంతో ఒక రైతు వచ్చాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు. తలపాగా విప్పితే చాగలమర్రికీ ఆళ్లగడ్డకీ మధ్య ఆరేయొచ్చు. ఆయన శెనక్కాయ పైరు ఎండుతున్నది. నంద్యాలలో అడిగితే పది రోజులు పడుతుందన్నారట. బస్టాండులోనే ఎవరో చెప్పినట్టున్నారు, అంగట్లోకి వస్తూనే అన్నను తేరిపార చూశాడు.

"ఈ ఊర్లో తిక్కోడంట, మోటార్లు చుడతాడంట. నువ్వేనా?"

అన్న లేచి నిలబడ్డాడు.

"నేనేనన్నా. మూడు నెలలు ఆసుపత్రిలో ఉంటి. ఇప్పుడు మాత్రలు మింగుతాండా."

"మాత్రలు మింగితే మోటారు చుట్టేది వస్తాదా, రాదా?"

"వస్తాది. మధ్యలో మాట్లాడిస్తే రాదు."

"ఎవరు మాట్లాడిస్తారు?"

అన్న రోడ్డుకు అవతలికి గడ్డంతో చూపించాడు. అక్కడ అప్పటికే నలుగురు చేరి ఉన్నారు. రైతు వాళ్లను చూశాడు, మోటారును చూశాడు, అన్న వేళ్ల వణుకు చూశాడు.

"చెయ్యి వణుకుతాంది."

"మాత్రలకు వణుకుతాది. తీగ పట్టుకుంటే తగ్గుతాది."

"పొద్దు గుంకేలోగా ఐతాదా?"

"రేపు సాయంత్రానికి. తీగకు పూసిన వార్నిషు ఆరల్ల."

"సరే, చుట్టు" అని ఆయన గడపకు అడ్డంగా కూర్చున్నాడు. అంత మనిషి అడ్డం కూర్చుంటే లోపలికి గాలి రావడమే కష్టం.

అన్న పాత తీగ లెక్కపెట్టాడు. గోడ మీద రాశాడు. అచ్చుకు కొత్త తీగ తగిలించాడు. పెదవులు కదిలాయి. అవతలివాళ్లు రోడ్డు దాటి వచ్చారు.

"పెద్దాయనా, సూడు సూడు, ఒంటరిగా మాట్లాడుకుంటాండాడు" అన్నాడొకడు.

"లెక్కబెడ్తాండాడు. నీ మాదిరి ఊరికే కూస్తాండాడా?" అన్నాడు రైతు.

"కాదు పెద్దాయనా, వారం పేరు అడుగు, చెప్తాడేమో సూద్దాం..."

"ఏయ్" అన్నాడు రైతు. అరవలేదు. లేవలేదు కూడా. "ఆయప్ప లెక్క పోతే నా పైరు పోతాది. మీ నోళ్లు మూసుకుంటారా, ఆ మోటారు ఎత్తి మీ నెత్తిన పెట్టల్లా?"

పైరు ఎండుతున్నదంటే మా వైపు ఎవడైనా తగ్గుతాడు. అన్నకు బాగయిందని వాళ్లు నమ్మలేదు. పైరు ఎండుతుందని నమ్మారు. అది చాలు, నోళ్లు మూతపడ్డాయి. చుట్ట తరువాత చుట్ట దిగింది. అన్న మధ్యలో ఒక్కసారి లేచాడు, నీళ్లు తాగడానికి. ఒక్కసారి కూడా విప్పలేదు. మధ్యాహ్నం అమ్మ అన్నం తెచ్చింది, గడప దగ్గర రైతు దారి ఇవ్వలేదు. "లెక్క అయ్యేదాకా ఆగమ్మా" అన్నాడు. అమ్మ క్యారియరు పట్టుకుని ఎండలో నిలబడింది. నిలబడి, పమిటచెంగుతో ముఖం తుడుచుకుంది. చెమటే అనుకుంటాను.

మర్నాడు మిల్లుకు సెలవు పెట్టేశాను. సాయంత్రం వార్నిషు ఆరాక మోటారుకు కరెంటు ఇచ్చాడు అన్న. తిరిగింది. రైతు దాని మీద అరచెయ్యి పెట్టి, వేడెక్కుతుందేమోనని బీడీ కాలినంతసేపు ఉంచాడు. తరువాత "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" తప్ప ఇంకో మెచ్చుకోలు లేదు. మోటారు బస్సు మీదికి ఎక్కించుకుని పోయాడు.

నెలాఖరు వచ్చింది. మా నాయన అంగడి మాట ఎత్తలేదు. పదిహేను రోజులకు చాగలమర్రి బస్సు మీద రెండు మోటార్లు వచ్చాయి. దింపుకున్న రైతు బస్టాండులో "ఆ తిక్కాయన అంగడి యాడప్పా?" అని అడుగుతూ వచ్చాడు. ఆ పేరు ఎనభైలు అయిపోయేదాకా పోలేదు. తిక్కాయన చుడితే మూడేళ్లు కాలదు అని ఆ పేరుతోనే మెచ్చుకునేవాళ్లు, ఆ పేరుతోనే పిల్లల్ని బెదిరించేవాళ్లు. మోటార్లు తెచ్చేవాళ్లు కానీ, పిల్లనిచ్చే మాట వస్తే బస్సు టైమైందనేవాళ్లు. అన్న దాని మీద ఎప్పుడూ గొడవపడలేదు. ఆయనకు కావలసింది ఒక్కటే, లెక్కపెట్టేటప్పుడు ఎవరూ పలకరించకపోవడం. అది దొరికింది. అమ్మ బిస్కెట్ల డబ్బా ఎత్తేసింది. మాత్రలు చీటీలతో సహా గూట్లో, దువ్వెన పక్కన ఉండేవి.

ఇదంతా రాసి మొన్న అన్నకు చదివి వినిపించాను. ఆయన ఇప్పటికీ మాత్రలు వేసుకుంటాడు. అహోబిలం దాకా మోటార్ల వరుసకు నవ్వాడు, నిమ్మకాయలకు నవ్వాడు, తలపాగాకు కూడా నవ్వాడు. ఒకచోట చెయ్యెత్తి ఆపాడు.

"హోటలాయన అంగట్లోకి యాడొచ్చినాడురా? ఆయప్ప పొయ్యి ఇడిసి ఎప్పుడన్నా కదిలినాడా?"

నేను కాగితాలు సర్దుకున్నాను.

"ఏడెనిమిదులు అడిగిందెవరు?" అన్నాడు. కోపంగా కాదు. గోడ మీద రాసుకున్న అంకె సరిచూసుకుంటున్నట్టు అడిగాడు.

పుట్టించింది అదొక్కటే. గ్లాసు మార్చింది హోటలాయనే కానీ, ఆ ఆదివారం ఆయన రోడ్డు దాటలేదు. మాత్రలు తెచ్చి అన్న పక్కనే స్టూలు మీద కూర్చున్నది నేను. పెదవులు కదులుతుంటే చూసి, పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆ పెదవులనే చూసి, భయపడింది నేను. అడిగింది నేను. "యాభై ఆరు" అని చెప్పి, పిడి ఆపి, నా వైపు తిరిగి, "లెక్క పోయింది గదరా" అని అన్న తీగ విప్పడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లు నన్ను చూసే లోపలికి వచ్చారు, సొంత తమ్ముడే అడుగుతున్నప్పుడు మనకేమని. నేను లేచి ఇంటికి పోయి, వాకిట్లో నలుగురు వింటుండగా అమ్మతో చెప్పాను, చుట్టిందాన్నే విప్పుతాండాడని.